రబ్బరు అంగీకి దబ్బనం కుట్టు

“గంత పెయ్యి ఏసుకొని నీళ్లల్ల మునుగుతవా, తేలుతవానే?”

పెయ్యి అంటే ఒళ్లు. ఈ ప్రశ్న నారాయణఖేడ్ నుంచి మస్కట్‌కు క్యాసెట్‌లో వెళ్లింది. అడిగినవాడు ప్రేమదాసు. అడిగించుకున్నది అతని భార్య రిబ్కమ్మ. గల్ఫ్‌లో ఉన్న మనిషికి ఉత్తరం రాసే ఓపిక లేనివాళ్లు ఆ రోజుల్లో టేప్‌రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లేవాళ్ల చేతికి ఆ క్యాసెట్ ఇచ్చి పంపేవాళ్లు. ప్రేమదాసు క్యాసెట్‌లో సగం కంది చేను గురించి, పావు వంతు తల్లి మోకాళ్ల నొప్పుల గురించి, మిగిలిందంతా ఈ ప్రశ్న చుట్టూతానే. అడిగాక వెనక ఎవరో పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఎవరిదో రిబ్కమ్మకు చెప్పనక్కర్లేదు. పక్కింటి కిష్టవ్వది. చిన్నప్పటి నుంచీ ఆమె నవ్వు బొక్కెన బావిలో పడ్డట్టే ఉంటుంది.

అంతకు ముందు క్యాసెట్‌లో రిబ్కమ్మ పంపిన కబురుకు ఇది జవాబు. కంట్రాక్టు ముగిసేలోగా సముద్రం అడుగుకు దిగి చూసి వస్తానని ఆమె చెప్పింది. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని దిగుతారని, అందుకు పది రియాళ్లు తీసుకుంటారని కూడా చెప్పింది. ప్రేమదాసు వెంటనే మన డబ్బులోకి మార్చి చూశాడు. “గా పైసలకు ఒక మేక వస్తది” అన్నాడు.

రిబ్కమ్మ తిరుగు క్యాసెట్‌లో అన్నది ఇది: “మేకలు మనూర్ల మస్తున్నయి. సముద్రమే లేదు.”

రిబ్కమ్మ లావు మనిషి. ఈ మాటను మెత్తగా చెప్పాలని చూసి, నిండు విగ్రహం, భారీ మనిషి అంటూ తడుముకునేవాళ్లను ఆమే ఆపుతుంది. “లావున్నదని చెప్పుండ్రి. నన్నేమన్న తూకమేసి అమ్ముతున్నరా?” అంటుంది. కనుక ఇక్కడా లావు అనే రాస్తున్నాం. ఆమె సముద్రంలోకి ఎందుకు దిగిందన్నదానికి నారాయణఖేడ్‌లో రకరకాల పుణ్యకారణాలు చెలామణిలో ఉన్నాయి. మొక్కుబడి అన్నారు కొందరు. బాప్తిస్మం లాంటిదేనన్నారు ఇంకొందరు. బిడ్డ ఎవరో నీళ్లలో పోయి ఉంటారని జాలిపడినవాళ్లూ ఉన్నారు. ఆమె ముగ్గురు పిల్లలూ నిక్షేపంగా ఉన్నారు. ఒక ఆడమనిషి ఒక పని చేయాలని ఉండి చేసిందంటే నమ్మడానికి మనకు ఎందుకో ప్రాణం ఒప్పదు. దానికింద ఒక కన్నీటి చుక్కయినా ఉండాలి. రిబ్కమ్మ కథలో అది లేదు. చూడబుద్ధయింది, చూసింది. కష్టమంతా ఆ రెండు మాటల మధ్యనే ఉంది.

ఆమెకు నీళ్లు కొత్త కాదు. చిన్నప్పుడు తల్లిదండ్రులు మొగులప్ప చేనులో కూలికి పోయేవాళ్లు. ఆ చేనులో పెద్ద మోట బావి ఉండేది. అది చేనుకు పారే నీళ్ల బావి కాబట్టి అందులో ఎవరి పిల్లలు దూకుతున్నారో ఎవరూ అడిగేవాళ్లు కాదు. తాగే నీళ్ల బావి అయితే సంగతి వేరే. దాని గట్టు దగ్గరికి కూడా ఆమెను రానిచ్చేవాళ్లు కాదు. మోట బావిలో ఆడపిల్లల పందెం ఒకటుండేది. అడుగుదాకా మునిగి, గుప్పెడు ఒండ్రు మట్టి పట్టుకుని పైకి రావాలి. మట్టి లేకపోతే మునిగినట్టు లెక్కకు రాదు. గట్టు మీద కిష్టవ్వ నిలబడి వేళ్లు మడిచేది. గుక్క బిగబట్టి రిబ్కమ్మ ఉన్నంతసేపు ఇంకెవరూ ఉండలేకపోయేవాళ్లు. అప్పుడామె ఎండిన జొన్న కర్ర లాగా ఉండేది.

పెద్దమనిషి అయింది. బావి బందయింది. బావి ఉన్నచోటే ఉంది, ఆమెనే బయటికి తీశారు. తర్వాత క్రైస్తవ మిషనరీలు నడిపిన కుట్టు బడిలో చేరింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు, లావయింది. పాతికేళ్ల పాటు నీళ్లంటే తలమీద బిందెలోవో, బట్టలుతికే గంగాళంలోవో.

ఎనభైల నడిమిలో హైదరాబాదు ఏజెంటు ఒకడు మస్కట్‌లో ఒక ఆసుపత్రికి కుట్టుపనివాళ్లు కావాలంటే వెళ్లింది. పని దుప్పట్లు, రోగుల అంగీలు, తెరలు, పరుపు గలేబులు కుట్టడం. చినిగితే మళ్లీ కుట్టడం. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి గుడి, అంటే చర్చి, కూడా శుక్రవారమే. ఆరాధన అయ్యాక ఆసుపత్రి వ్యాను కుట్టు గది ఆడవాళ్లను సముద్రం ఒడ్డున దింపి, సాయంత్రం ఎక్కించుకునేది. తక్కిన ఆడవాళ్లు చాప పరిచి పులిహోరో చికెనో తింటూ ఊరి కబుర్లు చెప్పుకునేవాళ్లు. రిబ్కమ్మ మాత్రం ఒడ్డు చివర ఉన్న రేకుల షెడ్డు వైపు చూస్తూ కూర్చునేది.

ఆ షెడ్డులో నుంచి నల్ల రబ్బరు బట్టలు వేసుకున్న తెల్లవాళ్లు బయటికొచ్చి, పడవెక్కి, కొంత దూరం పోయి వెనక్కి పడేవాళ్లు. గుభీమని శబ్దం. తర్వాత బుడగలు. అంతే. ముప్పావు గంటకు పైకి వచ్చేవాళ్లు. వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకే రకంగా నవ్వుతూ వచ్చేవాళ్లు. గుక్క బిగబట్టి అంతసేపు ఎవరూ ఉండలేరని ఆమెకు తెలుసు. మరి ముప్పావు గంట ఆ కింద ఏం చేస్తున్నారు? ఏం చూసి అట్లా నవ్వుతున్నారు? మూడేళ్లలో ఆమెకు మస్కట్ మీద కలిగిన ఏకైక కుతూహలం ఇదే.

ఒక శుక్రవారం లేచి వెళ్లి పడవవాణ్ని అడిగింది. అతని పేరు మురాద్. బలూచీ మనిషి. ఉర్దూ వచ్చు. నారాయణఖేడ్‌కు బీదరు దగ్గరే కాబట్టి రిబ్కమ్మకు ఉర్దూ సంతలోనే వచ్చేసింది. వాళ్లిద్దరి ఉర్దూలకు చుట్టరికం తక్కువే అయినా పని నడిచింది.

“భాయ్, నేను గుడ దిగొచ్చునా?”

మురాద్ ఆమెను తల నుంచి కాళ్ల దాకా చూసి, మళ్లీ కాళ్ల నుంచి తల దాకా చూశాడు. “దిగొచ్చు ఆపా. పడవ తట్టుకుంటదా అని చూస్తున్న.” ఆపా అంటే ఉర్దూలో అక్క.

“నీ పడవ నన్ను చూసి భయపడుతుందా, నువ్వు భయపడుతున్నవా?”

మురాద్‌కు ఆ జవాబు నచ్చింది. షెడ్డు నడిపే ఆమెను పిలుచుకొచ్చాడు. ఆమె పేరు కార్లా. ఇటలీ దేశస్థురాలు. ఎండకు కందిన ముఖం, బక్కపలుచని మనిషి. ఆమెకు ఇటాలియన్, కొద్దిగా అరబ్బీ వచ్చు. ఉర్దూ, తెలుగు రావు. కాబట్టి కార్లా తన విరిగిన అరబ్బీలో చెబితే, మురాద్ దాన్ని ఉర్దూ చేస్తే, రిబ్కమ్మ తెలుగులో అర్థం చేసుకునేది. ఈ దారిలో చాలా సరుకు జారిపోయేది. కార్లా చేతులు తిప్పుతూ చాలాసేపు మాట్లాడితే మురాద్ “కుదరదంట” అని ముగించేవాడు. కార్లా ఒక్క ముక్క అంటే అతను తన సొంత అభిప్రాయాలు కూడా కలిపి పావుగంట చెప్పేవాడు.

ఈసారి “కుదరదంట” నిజమే. షెడ్డులో ఉన్న వాటిలో అన్నిటికంటే పెద్ద సూటు తెచ్చి ఇచ్చారు. ఒక డచ్చి ఇంజనీరు వదిలేసి పోయినది. చుడీదారు మీదనే వేసుకోబోతే చేతులు దూరాయి, తొడలు దూరాయి, పొట్ట దగ్గర జిప్పు రెండు వైపులా జానెడు దూరంలో ఆగిపోయింది. కార్లా జిప్పు లాగింది. మురాద్ అటు తిరిగి నిలబడి సలహాలిచ్చాడు. జిప్పు కదల్లేదు. కార్లా భుజాలెగరేసి ఏదో అంది.

“ఏమంటుంది భాయ్?”

“నీ సైజు కంపెనీల చెయ్యరంట.”

రిబ్కమ్మకు సిగ్గు వేయలేదు, కోపం వచ్చింది. అది కూడా కార్లా మీద కాదు, కంపెనీ మీద. బట్ట సరిపోకపోతే తప్పు బట్టదని కుట్టు బడిలో మొదటి రోజే చెప్పారు. మనిషిని కత్తిరించలేం కదా. ఆమె సూటు తిరగేసి లోపలి అతుకులు చూసింది. గోరుతో రబ్బరు నొక్కి మందం చూసింది. తర్వాత మూలన కుప్పగా పడి ఉన్న పాత చినిగిన సూట్లు చూపించి మురాద్‌ను అడిగింది. “గవి పారేసేటివేనా?”

డచ్చి సూటుతో పాటు ఆ కుప్పలోంచి రెండు ఆమె వెంట ఆసుపత్రికి వెళ్లాయి. ఒకదాని కాళ్లు నిలువునా చీల్చి, పొట్టకు రెండు పక్కలా వేయాల్సిన పట్టీలు కత్తిరించుకుంది. జాకెట్టు బిగుతయితే చంక కింద పట్టీ వేసి వదులు చేయడం నారాయణఖేడ్‌లో ఏ దర్జీకైనా తెలిసిన పనే. ఇక్కడ బట్టకు బదులు రబ్బరు, అంతే తేడా. మిషన్ మీద పెడితే సూది టక్కున విరిగింది. రెండోది కూడా. సూపర్‌వైజర్ మూడో సూది ఇవ్వనన్నాడు. అప్పుడు పరుపులు కుట్టే దబ్బనం తీసింది. ఊళ్లో గోనె సంచులు కుట్టేదీ దబ్బనమే. మురాద్ వలలు అల్లే నైలాను దారం ఇచ్చాడు. పని అయ్యాక గదిలో మంచం మీద కూర్చుని, వేలికి తోలు ముక్క చుట్టుకుని, ఒక్కో పోటూ పొడుస్తూ కుట్టింది. కుట్టిన అతుకు మీద సైకిలు పంచరు ద్రావకం పూసింది.

తర్వాతి శుక్రవారం జిప్పు మెడ దాకా పోయింది. కార్లా అతుకును వేళ్లతో లాగి చూసి, మురాద్‌తో ఒక్క మాట అంది. మురాద్ ఈసారి ఏమీ కలపలేదు. “మంచిగున్నదంట.”

సూటు మీద రిబ్కమ్మ తన పొడుగు నైటీ కూడా తొడుక్కుంది. అది వద్దని కార్లా ఎంత మొత్తుకున్నా, ఆ ఒక్క సంగతి మాత్రం ఎన్ని భాషలు మారినా ఆమెకు అర్థం కాలేదు.

ఇక బరువులు. లావు మనిషి రాయిలా మునుగుతుందని లోకం అనుకుంటుంది. ప్రేమదాసు ప్రశ్నలో ఉన్నదీ ఆ వెటకారమే. నిజానికి కొవ్వు తేలుతుంది. ఉప్పు నీళ్లు ఇంకా తేలుస్తాయి. పైగా రబ్బరు. నడుము లోతు నీళ్లలో సిలిండరుతో కూర్చోమంటే రిబ్కమ్మ బెండులా పైకి లేచింది. అందుకే దిగేవాళ్లు నడుముకు సీసం దిమ్మలున్న పటకా కట్టుకుంటారు. ఆ పటకా ఆమె నడుము చుట్టు తిరగలేదు. రెండు కలిపితే తిరిగింది గానీ దిమ్మలన్నీ ఒక పక్కకు జారి, మనిషి ఒరిగిపోయింది.

“ఆపా, నిన్ను ఖుదా పడవ చేద్దామనుకున్నడు. ఆఖరుకు మనసు మార్చుకున్నడు” అన్నాడు మురాద్.

“నువ్వు ముందుగాల తెడ్డేసుడు నేర్చుకో భాయ్. పడవల సంగతి తర్వాత.”

పత్తి ఏరే ఆడవాళ్లు పొట్ట ముందు ఒడి కట్టుకుంటారు. ఒక గట్టి గుడ్డను నడుముకు చుట్టి, ముందు సంచిలా వదులు పెట్టి, ఏరిన పత్తి అందులో వేసుకుంటూ సాళ్లు సాళ్లు నడుస్తారు. కంగ్టి వైపు పత్తి చేలల్లో ఆమె తల్లి అలాగే ఏరింది. రిబ్కమ్మ ఆసుపత్రి స్ట్రెచరు గుడ్డతో అలాంటి ఒడే కుట్టింది, చుట్టూతా గూళ్లు పెట్టి, ఒక్కో గూటిలో ఒక్కో సీసం దిమ్మ పడేటట్టు. నడుము చుట్టూ సమంగా కూర్చుంది. గర్వంగా వెనక రెండు ముళ్లు బిగించింది.

కార్లా వచ్చి ఆ ముడి పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులా లాగింది. రాలేదు. కార్లా ముఖం ఎర్రబడింది.

“ఊడద్దనే గదా కట్టుడు” అంది రిబ్కమ్మ. చేలో ఒడి ఊడితే పత్తి మట్టిపాలవుతుంది. గట్టి ముడి వేయడం ఆమె తల్లి చెంపదెబ్బలతో నేర్పిన విద్య.

మురాద్ నడుమ నిలబడి రెండు వైపులా చేతులు తిప్పాడు. ఆపద వస్తే ఒక్క గుంజుడుతో సీసం కింద పడిపోవాలి, మనిషి పైకి రావాలి. రిబ్కమ్మ ముడి విప్పింది. ఎద్దును గుంజకు కట్టే జారుముడి వేసింది. ఎద్దు ఎంత గుంజినా రాదు, మనిషి కొస పట్టి లాగితే వస్తుంది. కార్లా లాగింది. ఒడి ధడాలున కార్లా కాళ్ల మీదే పడింది. ఆమె ఇటాలియన్‌లో అరిచిన మాటను మురాద్ అనువదించలేదు.

ఇంత దాకా వచ్చిన మనిషిని సముద్రం ఎక్కడ ఆపిందంటే, ఆమెకు బాగా వచ్చిన చోటనే ఆపింది.

మెడ లోతు నీళ్లలో మొదటి పరీక్ష. గొట్టం నోట్లో పెట్టుకుని మునగాలి, మామూలుగా ఊపిరి తీస్తూ వదులుతూ ఉండాలి. రిబ్కమ్మ మునిగింది. మునిగిన వెంటనే ఒళ్లు మొగులప్ప బావిని గుర్తు తెచ్చుకుంది. తల నీళ్ల కిందికి పోగానే గుక్క బిగుసుకుంది. బుడగలు లేవు. కార్లా చూసింది, మళ్లీ చూసింది, భుజం పట్టుకుని పైకి లాగింది. మళ్లీ ముంచింది. మళ్లీ అదే. రిబ్కమ్మ లోపల సంతోషంగానే ఉంది. ఇంత వయసులో కూడా తన గుక్క ఇంతసేపు నిలుస్తున్నందుకు మురిసిపోతోంది. బాగున్నావా అని కార్లా వేళ్లతో సైగ చేస్తే, మన ఊళ్లో సరేననడానికి ఎలా ఊపుతామో అలా తలను పక్కలకు ఊపింది. చెవులు పోటెత్తుతున్నాయేమోనని కార్లా హడలిపోయి మూడోసారి పైకి లాగేసింది.

ఒడ్డున మురాద్ చెప్పాడు, ఈసారి నవ్వకుండా. “ఆపా, లోపల ఊపిరి ఆపొద్దు. కింద నింపిన గాలి పైకొస్తుంటే ఉబ్బుతది. నువ్వు ఆపి పట్టుకుంటే లోపల తిత్తి పగులుతది. గుక్క పట్టేటోళ్లనే ఈమె దించదంట. ఈత రానోళ్లు నయమంట.”

“గంతసేపు గుక్క పట్టెటోళ్లు మా ఊర్లనే లేరు భాయ్.”

“గదే నీ బీమారి అంటుంది.”

రిబ్కమ్మ కట్టిన పది రియాళ్ల నోటును కార్లా జేబులోంచి తీసి తిరిగి ఇవ్వబోయింది. రిబ్కమ్మకు మురాద్ అక్కర్లేకుండానే అర్థమైంది. చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆమె కంట్రాక్టు అయిపోవచ్చింది. ఇంకో తొమ్మిది రోజులకు, ఆదివారం, విమానం. మధ్యలో ఉన్నది ఒక్క శుక్రవారం. ఇది పోతే ఇక సముద్రం లేదు. ఉన్నది ప్రేమదాసు, కిష్టవ్వ, వాళ్ల నవ్వు. నవ్వుకేం, నవ్వనీ. కానీ ఆ కింద ఏముందో తెలియకుండా మిగతా బతుకంతా బతకాలి.

“పైసలు నీ తాననే ఉండనియ్యమను. శుక్రవారం వస్త. ఒక్కసారి చూడుమను. గుక్క పట్టిన్నంటే నువ్వే నన్ను గుంజుకచ్చి ఒడ్డున పడేయి.”

ఆ వారం కుట్టు గదిలో ఆమె పక్క మిషన్ మీది కేరళ ఆమె భయపడిపోయింది. రిబ్కమ్మ ముక్కుకు బట్టలారేసే క్లిప్పు పెట్టుకుని, పళ్ల మధ్య ఖాళీ దారం రీలు ఇరికించుకుని, ఆ రీలు బెజ్జంలోంచి ఊపిరి పీలుస్తూ దుప్పట్లు కుడుతోంది. గుక్క పట్టకుండా ఉండడం ఎలాగో ఆమెకు తెలియదు. తెలిసిందల్లా కాలి మిషన్. కుట్టు మధ్యలో కాలు ఆగితే చక్రం వెనక్కి తిరుగుతుంది, దారం తెగుతుంది. కుట్టు బడిలో అలా ఆపినందుకు టీచరమ్మ స్కేలుతో మడమ మీద కొట్టేది. అంచు మొదలుపెడితే చివరి దాకా కాలు ఆగకూడదు. ఊపిరిని కూడా అట్లా కుట్టుకుంటూ పోతే? పాదం ముందుకు వంగితే లోపలికి, మడమ దిగితే బయటికి. తెల్ల దుప్పటి అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా. తెగితే మళ్లీ మొదటి నుంచి. మొదటి రోజు చాలా దుప్పట్ల మీద తెగింది. గురువారానికి పెద్ద తెర పొడుగునా తెగకుండా వచ్చింది. కేరళ ఆమె ఆసుపత్రి నర్సును పిలుచుకొచ్చింది. నర్సు చూసి, పని ఆగడం లేదు కదా అని వెళ్లిపోయింది.

శుక్రవారం రిబ్కమ్మ గుడికి పోలేదు. ఆరాధన అయ్యే వేళకు వ్యానెక్కి, ఒడ్డున దిగి నేరుగా షెడ్డుకు పోయింది. కార్లా మెడ లోతులోనే ముంచి చూసింది. బుడగలు వచ్చాయి. ఆగకుండా, ఒకే అంతరంతో, మిషన్ మీద పడిన కుట్టులా వచ్చాయి. కార్లా నీళ్లలో కూర్చుని చాలాసేపు వాటినే చూసింది. తర్వాత లేచి పడవ వైపు చెయ్యి చూపింది.

పడవలో మురాద్ రెండుసార్లు తెడ్డు గాలిలోనే వేశాడు. అతనే భయపడుతున్నాడని రిబ్కమ్మ గ్రహించింది. “తెడ్డు సక్కగెయ్యి భాయ్” అంది. కాళ్లకు తొడిగే రెక్కల్లో ఆమె పాదాలు పట్టలేదు. చెప్పుల్లేకుండా నడిచి వెడల్పయిన పాదాలవి. మురాద్ మడమ వైపు రబ్బరు కోసేసి, తాడుతో కట్టాడు. ఇక కార్లా చూపినట్టు అంచు మీద కూర్చుని, కళ్లనూ ముక్కునూ మూసే అద్దం అదిమి పట్టుకుని, వెనక్కి పడింది.

గుభీమని శబ్దం ఈసారి ఆమెదే.

పాదం వంచింది, ఊపిరి లోపలికి. మడమ దించింది, బయటికి. కాళ్లకు రెక్కలున్నా కాలు మాత్రం మిషనే తొక్కింది. అలా ఈదకూడదని కార్లా తర్వాత చెప్పింది, అప్పుడు చెప్పలేదు. మూడు నిలువుల లోతు. చెవులు నొక్కుకుపోతే ముక్కు పట్టి ఊది వదిలించుకుంది. పైన పడవ అడుగు నల్లటి ఆకులా కనిపించింది. ఆ తర్వాత ఇసుక వచ్చింది, ఇసుక మీద మోకాళ్లు ఆనాయి, దారం తెగలేదు.

చూసినదాన్ని రిబ్కమ్మ స్వర్గం అని ఎన్నడూ చెప్పలేదు. పచ్చ చేపలు గుంపుగా వచ్చి, ఆమె నైటీ పువ్వుల్ని పొడిచి చూసి వెళ్లాయి. ఒక బండ సందులోంచి పాములాంటిది తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది, అత్తగారు సూటిపోటి మాటలు మాట్లాడుతున్నట్టు. ఒక పెద్ద తాబేలు నాచు మేస్తోంది. అది తలెత్తి ఆమెను చూసింది. బర్రె చూసినట్టు చూసింది. దీనితో నాకు పని లేదు అన్నట్టు మళ్లీ మేతకు వంగింది. ఆ ఒక్క చూపు రిబ్కమ్మకు మస్తు నచ్చింది. మూడేళ్లలో ఆమెను లావని గానీ, పనిమనిషని గానీ, పరాయి దేశపుదని గానీ లెక్కపెట్టకుండా చూసిన మొదటి కళ్లు అవి. అక్కడ ఆమెకు బరువు లేదు. చెయ్యి ఎత్తితే చెయ్యి అక్కడే ఉండిపోయింది. ముప్పావు గంట ఆ తెల్లవాళ్లు చేస్తున్నదేమిటో తెలిసింది: ఏమీ చేయడం లేదు. చూస్తున్నారు.

కార్లా వేళ్లు చుట్టి బాగున్నావా అని అడిగింది. రిబ్కమ్మ మెడను కొయ్యలా బిగించి పెట్టి, వేళ్లు చుట్టి చూపింది. తర్వాత అలవాటుగా చెయ్యి కిందికి పోయి ఇసుక గుప్పిట పట్టింది. కార్లా మణికట్టు మీద కొట్టింది. ఇక్కడి నుంచి ఏదీ తీయకూడదు. రిబ్కమ్మ గుప్పిట తెరిచింది. ఇసుక మెల్లగా జారిపోయింది.

పైకి వచ్చాక మురాద్ రెండు చేతులూ పట్టి పడవలోకి లాగాడు. “ఎట్లుండె ఆపా?”

గొట్టం ఉమ్మేసి ఆమె అన్న మొదటి మాట ఇది: “ఇంకొక్కసారి దించుతదా, అడుగు.”

నారాయణఖేడ్‌లో బస్టాండు పక్క దారిలో ఇప్పుడామెకు కుట్టు దుకాణం ఉంది. లావు ఆడవాళ్లు సిర్గాపూర్ నుంచి కూడా వస్తారు. టేపు చుట్టు తిరగకపోతే ఆమె నిట్టూర్చదు, ఇంకో టేపు జోడిస్తుంది. “బట్టనే చిన్నగున్నది, నువ్వు కాదు” అంటుంది. ప్రేమదాసు ఇప్పుడు పెళ్లిళ్లలో, సంతల్లో, బస్సుల్లో పరిచయం లేనివాళ్లకు కూడా చెబుతాడు. “మా ఆమె సముద్రం అడుగు జూసొచ్చింది.” చెప్పిన ప్రతిసారీ లోతు ఒక నిలువు పెరుగుతుంది. ఈ మధ్య అది బోరుబావుల లోతు దాటింది. “నువ్వే పోయినట్టు చెప్తవేందయ్యా” అని రిబ్కమ్మ గదమాయిస్తుంది గానీ నిలువులు తగ్గించమని మాత్రం అనదు.

పాస్టరు దేవానందం ఒక ఆదివారం ప్రసంగంలో ఆమెను సముద్రంలో చేప మింగిన యోనా ప్రవక్తతో కలిపి చెప్పబోయాడు. ఆరాధన అయ్యాక ఆమె గుమ్మం దగ్గర పట్టుకుంది. “అయ్యగారు, యోనా దేవుని మాట ఇనకుండ పారిపోయి పడ్డడు. నేను పైసలు కట్టి దిగిన.” ఆయన ఆ పోలిక మళ్లీ ఎత్తలేదు.

నమ్మనిది కిష్టవ్వ ఒక్కతే. “మట్టేది?” అంది మొదటి రోజే, చెయ్యి చాపి. “మట్టి తెస్తెనే లెక్క.”

దానికి రిబ్కమ్మ దగ్గరున్న సాక్ష్యం ఒకటే. విమానానికి ముందు రోజు, శనివారం, కార్లా తనంత తానుగా మురాద్‌ను వెంటబెట్టుకుని ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో సంచి. సంచిలో మూడు సూట్లు. సూట్లు పట్టక తాను వెనక్కి పంపేసినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారని, ఆ పట్టీలు వీటికి కూడా వేసి ఇమ్మని అడిగింది. “ఆమె అడిగింది సముద్రంల దిగిన దర్జీని. ఊరికెనే అడుగుతదానే?” అంటుంది రిబ్కమ్మ. తెల్లవారేలోగా మూడూ కుట్టి ఇచ్చింది. కార్లా ఒక్క సూటు కూలి, మూడు రియాళ్లు, అప్పటికప్పుడు ఇచ్చి, మిగతాది మురాద్ చేతికిచ్చి పంపుతానంది. రెండు సూట్ల కుట్టుకూలి, ఆరు రియాళ్లు, ఇంకా రావాలి.